సుంకమును మగ్గమును



2025వ సంవత్సరము ఆగస్టు మాసమున పదవ తరగతిలో జరిగిన యొక చిన్న వాదముతో ఈ పాఠము నారంభించెదను. ఆ తరగతిలో ఒకే బల్లపై కూర్చుండు ఇద్దరు బాలురుండిరి. ఒకని తండ్రి పర్చూరు ప్రాంతపు నల్లరేగడి చేలలో ప్రత్తి పండించు రైతు. రెండవవాని తండ్రి చీరాల దగ్గర గుంటమగ్గముపై చీరలు నేయు నేతగాడు. విదేశపు ప్రత్తిపై దిగుమతి సుంకమును కేంద్ర ప్రభుత్వము కొంతకాలము తీసివేసినదని పత్రికలలో వచ్చిన వార్తను నేను తరగతిలో చదివి వినిపించితిని.

రైతు కుమారుడు వెంటనే లేచి, "మాస్టరుగారూ, ఇది అన్యాయము. పైదేశపు ప్రత్తి చౌకగా వచ్చిపడినచో మా ప్రత్తి నెవరు కొందురు?" అనెను. నేతగాని కుమారుడు కూర్చున్నచోటనే యుండి, "నూలు ధర పెరిగినప్పుడెల్ల మా యింట మగ్గ మాగిపోవుచున్నది. ప్రత్తి చౌకయైన మా నాయనకు మేలే గదా!" అనెను. తరగతి రెండు పక్షములుగా చీలెను. తుదకు అందరును నావైపు చూచి, "వీరిలో ఎవరి మాట నిజము?" అని యడిగిరి. ఇంతలో గంట మ్రోగుటచే ఆనాడు నేను జవాబు చెప్పలేకపోతిని. ఆనాడు నేను బాకీపడిన జవాబే ఈ వ్యాసము.

సుంకమనగా నేమి?

ఒక దేశపు సరకు మరియొక దేశపు ఎల్ల దాటునప్పుడు ప్రభుత్వము దానిపై గైకొను పన్నునకు సుంకమని పేరు. దీనికి ప్రయోజనములు రెండు. మొదటిది ఖజానాకు రాబడి. రెండవది స్వదేశ పరిశ్రమకు రక్షణ. ఈ రెండును ఒకదానికొకటి కొంత విరుద్ధములని మీరు గుర్తుంచుకొనవలెను. సుంకము స్వల్పమైనచో సరకు విరివిగా వచ్చును, రాబడి పెరుగును, కాని రక్షణ యుండదు. సుంకము మిక్కిలి హెచ్చైనచో సరకే రాదు. అప్పుడు రక్షణ యుండును గాని రాబడి యుండదు.

లెక్క వేసి చూతము. పైదేశపు ప్రత్తి మన రేవునకు చేరునప్పటికి ఒక తూకమునకు 100 రూపాయలు పడినదనుకొనుడు. దానిపై నూటికి 11 చొప్పున సుంకమున్నచో మిల్లు యజమానికి అది 111 రూపాయలగును. అప్పుడు మన రైతు తన ప్రత్తిని 110 రూపాయలకు చెప్పినను కొనువాడుండును. సుంకము తీసివేసిన మరునాటినుండి మన ప్రత్తి ధర కూడ 100 రూపాయలవైపు జారును. ఆ వ్యత్యాసము రైతు చేతినుండి జారి మిల్లు వానికి, పిదప నూలు కొనువానికి, తుదకు కొంతవరకు బట్ట కొనువానికి పోవును. కావున సుంకము ధనమును సృష్టింపదు. ఒకని జేబులోనుండి మరియొకని జేబులోనికి మార్చును. ఎవరి జేబులోనుండి ఎవరి జేబులోనికి? సుంకమును గూర్చి అడుగదగిన మొదటి ప్రశ్న యిదియే.

మన తీరమున వెలసిన శాసనము

సుంకము నేటి వింత కాదు. ఒంగోలునకును చీరాలకును నడుమ సముద్రపుటొడ్డున మోటుపల్లి యను గ్రామము కలదు. ఇప్పుడది చిన్న పల్లెయైనను పూర్వము గొప్ప రేవు. కాకతీయ గణపతిదేవుడు క్రీ. శ. 1244 ప్రాంతమున వేయించిన అభయశాసనము అచ్చటి వీరభద్రస్వామి ఆలయమున నున్నది. అంతకుముందు గాలివానకు ఓడలు పగిలి సరకు ఒడ్డునకు కొట్టుకొనివచ్చినచో రాజులు దానిని బలాత్కారముగా గైకొనుట వాడుక. గణపతిదేవు డా వాడుకను మాన్పి, నియమితమైన సుంకము తప్ప మరేమియు తీసికొనమని పరదేశ వర్తకులకు అభయమిచ్చెను. ఆ సుంకము ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకవంతు, అనగా నూటికి మూడు రూపాయల చిల్లర. కర్పూరము, చందనము, పన్నీరు, దంతము, ముత్యములు, పగడములు, రాగి, సీసము, పట్టునూలు, మిరియములు మొదలగు సరకులు ఆ శాసనమున పేర్కొనబడినవి. ఆ శతాబ్దముననే ఈ దేశమును వర్ణించిన మార్కోపోలో యిచ్చటి సన్నని వస్త్రములను మిక్కిలి మెచ్చుకొనెను.

ఇందలి విశేషమేమనగా, ఆనాడు మన నేతపనికి పోటీ లేదు. కావున రక్షణ యక్కరలేకపోయెను. వర్తకులు వచ్చుటయే మనకు లాభము. రాజు తలుపు తెరచి, తలుపు దాటుటకు స్వల్పమైన రుసుము మాత్రము కోరెను. అది ఆ కాలమునకు తగిన సుంకము.

ఇంగ్లండు చేసిన పని

1611లో గ్లోబు అను ఓడపై ఇంగ్లీషు కంపెనీవారు నిజాంపట్నమునకును, పిదప మచిలీపట్నమునకును వచ్చిరి. వారిని మన తీరమున కాకర్షించినవి మన నూలు బట్టలే. అద్దకపు బట్టలు, కలంకారీ దుప్పట్లు ఇంగ్లండులో ఎంత వ్యాపించెననగా, ఆ దేశపు ఉన్ని నేతగాండ్రును పట్టు నేతగాండ్రును పని లేక గోలపెట్టిరి. అప్పుడా పార్లమెంటు ఏమి చేసెను? 1700లో చట్టము చేసి, ఆసియానుండి వచ్చు అద్దకపు నూలు బట్టలను ఇంగ్లండులో ధరింపరాదని శాసించెను. 1721లో మరియొక చట్టముచే ఆ నిషేధమును ఇంకను బిగించెను. ఇంగ్లండులోనే తయారైన నూలు బట్టల అద్దకమునకు ఆ నిషేధము 1774లో తొలగెను. అప్పటికి ఐదేండ్లకు పూర్వమే, 1769లో, ఆర్కురైటు నీటిబలముచే నూలు వడకు యంత్రమునకు హక్కుపత్రము పొందియుండెను.

ఈ తేదీలను వరుసగా చదువుడు. ఇంగ్లండు తన పరిశ్రమ బాల్యమున నున్నంతకాలము గోడ కట్టుకొనెను. యంత్రములు సిద్ధమైన పిదప గోడ సడలించెను. 19వ శతాబ్దారంభమున మన తెల్లబట్టలపై ఆ దేశపు రేవులలో నూటికి 70, 80 వరకు సుంకము విధింపబడుచుండగా, మాంచెస్టరు బట్ట అతి స్వల్పమైన సుంకముతో మన రేవులలో దిగుచుండెను. మనము ఓడిపోయినది యంత్రమునకు మాత్రమే కాదు, యంత్రమును తలుపును రెండును ఒకరి చేతనే యుండుటకు.

అంకె యొకటే, అర్థము వేరు

1857 తరువాత ఖజానా ఖాళీయై, 1859లో ప్రభుత్వము దిగుమతి సుంకములను పెంచెను. అది రాబడికై చేసినదే. అయినను లాంకషైరు మిల్లు యజమానులు దీనిని సహింపలేదు. వారి ఒత్తిడిచే సుంకములు క్రమముగా తగ్గి, 1882లో నూలు బట్టలపై పూర్తిగా రద్దయ్యెను. 1894లో మరల ధనము చాలక నూటికి 5 వంతున సుంకము వేసిరి. 1896లో దానిని మూడున్నరకు తగ్గించిరి. కాని అంతటితో ఊరకుండక, మన దేశపు మిల్లులలో తయారగు బట్టపై సరిగా అంతే, నూటికి మూడున్నర, ఎక్సైజు పన్ను విధించిరి. ఒక చేత్తో ఇచ్చిన రక్షణను రెండవ చేత్తో తీసివేయుటయే ఇది.

గణపతిదేవుని సుంకము నూటికి మూడుంబాతిక దగ్గర. ఈ సుంకము మూడున్నర. అంకెలు దాదాపు ఒకటే. మొదటిదానిని ఈ దేశపు రాజు ఈ దేశపు మేలునకు నిర్ణయించెను. రెండవదానిని ఆరువేల మైళ్ల దూరముననున్నవారు తమ మేలునకు నిర్ణయించిరి. కావున సుంకమును గూర్చి అడుగదగిన రెండవ ప్రశ్న: దీనిని ఎవరు, ఎవరి కొరకు నిర్ణయించిరి? ఆ ఎక్సైజు పన్ను 1925 డిసెంబరులో నిలుపబడి, 1926లో రద్దయ్యెను. ముప్పదియేండ్ల పోరాటఫల మది.

రక్షణలో దాగిన దెబ్బ

ఇచ్చట మీరు మిక్కిలి జాగ్రత్తగా గమనింపవలసిన సంగతి యొకటి కలదు. స్వదేశ పరిశ్రమ యని మనము ఒకే మాటతో చెప్పుదుము. కాని అందు మిల్లు వేరు, చేమగ్గము వేరు. చీరాల, వేటపాలెము, జాండ్రపేట, ఈపూరుపాలెములలోని నేతగాడు నూలు వడకుకొనడు. కొనును. మిల్లునకు ఏది అమ్మకపు సరకో, మగ్గమునకు అదియే ముడిసరకు.

1922లో దిగుమతియగు నూలుపై నూటికి 5 సుంకము వేసిరి. 1927లో, పౌను నూలునకు కనీసము అణాన్నర చొప్పున పడునట్లు దానిని మార్చిరి. బొంబాయి మిల్లులను జపాను పోటీనుండి కాపాడుట దాని యుద్దేశము. మిల్లులకు మేలే జరిగెను. కాని ఆ అణాన్నర భారము గుంటమగ్గములో కాళ్లు పెట్టుకొని కూర్చున్నవాని నెత్తిన పడెను. బట్టలపై సుంకము 1930లో బ్రిటిషు సరకునకు నూటికి 15, ఇతర దేశములకు 20 అయ్యెను. 1933లో బ్రిటిషేతర సరకుపై 75 వరకు పోయెను. ఆ గోడ చాటున వర్ధిల్లిన స్వదేశపు మిల్లులే చేమగ్గమునకు దగ్గరి పోటీదారులయ్యెను.

ఆ కాలముననే నిడుబ్రోలువాస్తవ్యులగు ఆచార్య ఎన్. జి. రంగాగారు దక్షిణదేశపు నేతగాండ్ర ఆర్థికస్థితిని పరిశీలించి 1930లో ఇంగ్లీషున గ్రంథము ప్రకటించిరి. 1935లో చెన్నపురి రాజధానిలో చేనేతవారి రాష్ట్ర సహకార సంఘము వెలసెను. నూలును టోకున కొని సభ్యులకు సరసమైన ధర కిచ్చుట, నేసిన బట్టను అమ్మిపెట్టుట అట్టి సంఘముల పని. సుంకమువలన కలిగిన దెబ్బకు సహకారము మందుగా వచ్చినదని చెప్పవచ్చును.

లోకవిపణి పెట్టిన కూడు

పరదేశ వ్యాపారము మన మగ్గమునకు హాని మాత్రమే చేసెననుట సత్యము కాదు. చీరాలలో తేలియా రుమాలని, చిటికి రుమాలని పేరొందిన వస్త్ర మొకటి నేయబడుచుండెడిది. నూలును నూనెతోను, ఆముదపు కాయల బూడిదతోను నానబెట్టి, ముడులు కట్టి, ఎరుపు నలుపు రంగులద్ది, పిదప నేయుదురు. నూనెవాసన వచ్చుటచే దాని కా పేరు. ఆ రుమాళ్లు అరబ్బుదేశములకు తలపాగాలుగా పోయెడివి. మద్రాసు రుమాలను పేరుతో గళ్లబట్ట పడమటి ఆఫ్రికాకు పోయెడిది. ఎన్నడును సముద్రము దాటని నేతగాడు నైజీరియా స్త్రీల యభిరుచి నెరిగి రంగులు కూర్చెను. లోకవిపణి యనగా నిదియే.

అయితే ఆ విపణి ఎంత దూరమో అంత చంచలము. కొనువారి ప్రభుత్వము తలుపు మూసినను, కొనువారి అభిరుచి మారినను ఇచ్చట మగ్గ మాగును. కారణమేమో నేతగానికి తెలియను కూడ తెలియదు. సావుకారు వచ్చి, "ఈ నెల నూలు లేదు, బట్ట అడుగువారు లేరు" అని చెప్పి పోవును. అంతియే.

స్వాతంత్ర్యానంతరము

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట తలుపు మన చేతికి వచ్చెను. 1953లో మిల్లు బట్టపై అదనపు పన్ను వేసి ఆ ధనమును ఖద్దరునకును చేనేతకును వినియోగించుటకు చట్టము చేయబడెను. 1985లో చీర, ధోవతి మొదలగు కొన్ని రకములను చేమగ్గమునకే ప్రత్యేకించుచు మరియొక చట్టము వచ్చెను. కాని మరమగ్గములపై చేనేత నమూనాలను అనుకరించి చౌకగా అమ్ముట ఆగలేదు. దీనినిబట్టి చేనేతకు పోటీ సముద్రమావలినుండియే రాదు, ప్రక్క జిల్లానుండియు వచ్చునని తెలియుచున్నది. ఈ పోటీని ఏ రేవు సుంకమును ఆపజాలదు.

1991లో మన దేశము పాతబాట విడిచెను. అప్పటికి నూటికి 150కి పైబడియుండిన గరిష్ఠ దిగుమతి సుంకము, వ్యవసాయేతర వస్తువులపై 2007 నాటికి సామాన్యముగా 10కి దిగెను. 1995 జనవరి 1వ తేదీన ప్రపంచ వాణిజ్య సంస్థ యేర్పడగా భారతదేశము అందు తొలినుండియు సభ్యురాలయ్యెను. 2001 ఏప్రిలు 1వ తేదీనుండి, మిగిలియుండిన 715 వస్తువుల దిగుమతిపై గల పరిమితులును తొలగెను. సంపన్న దేశములు మన బట్టలకు విధించుచుండిన కోటాలు 2005 జనవరి 1వ తేదీన రద్దయ్యెను. తలుపులు రెండువైపులను తెరచుకొనెను. కుట్టిన దుస్తుల ఎగుమతికి మేలు కలిగెను. పేదవానికి బట్ట చౌకయయ్యెను. ఇది చిన్న లాభము కాదు.

కాని చేనేత లెక్కలు చూడుడు. 1995–96 గణన ప్రకారము దేశమున చేనేతపై ఆధారపడిన పనివారు 65 లక్షలకు పైగా నుండిరి. 2009–10లో 43 లక్షలు. 2019–20లో 35 లక్షలు. తగ్గినవారందరును సుంకమువలననే పోయిరని నేననను. మరమగ్గము, కూలి చాలమి, అభిరుచుల మార్పు, పిల్లల చదువు, ఇవన్నియు కారణములు. కొందరు మేలైన పనులకే పోయిరి. నేను తొలుత పనిచేసిన పాఠశాలలో తెలివిగల బాలు డొకడు ఎనిమిదవ తరగతిలో బడి మానెను. ఇంటికి పోయి చూచితిని. వాడు కండెలు చుట్టుచుండెను. "అయ్యా, కూలికి మనిషిని పెట్టుకొను స్థితి మాకు లేదు" అని తండ్రి తల వంచుకొనెను. లక్షలనెడి అంకెలు వ్రాయునప్పుడెల్ల ఆ కండెల చప్పుడు నా చెవిలో వినబడును.

ఆనాటి ప్రశ్నకు జవాబు

ఇప్పుడు మన యిద్దరు బాలుర వాదమునకు వత్తము. 2021 ఫిబ్రవరి బడ్జెటులో దిగుమతి ప్రత్తిపై మూలసుంకము నూటికి 5, వ్యవసాయ సదుపాయముల సెస్సు 5, ఆ పదింటిపై పదియవ వంతు సర్‌చార్జి, వెరసి 11 విధింపబడెను. నూలు ధర పెరిగినదని మిల్లులు మొరపెట్టుకొనగా 2022 ఏప్రిలు 14నుండి కొన్ని నెలలు తీసివేసిరి. 2025 ఆగస్టులో అమెరికా మన సరకులపై అదనపు సుంకమును మొదట 25, పిదప 27వ తేదీనుండి మొత్తము 50 చేసెను. దుస్తులు పంపువారును, మన తీరపు రొయ్యలు పంపువారును కలవరపడిరి. దుస్తుల పరిశ్రమకు ముడిసరకైనను చౌక కావలెనని మన ప్రభుత్వము ఆగస్టు 19నుండి ప్రత్తి సుంకమును తీసివేసి, ఆ మినహాయింపును తొలుత సెప్టెంబరు నెలాఖరు వరకును, తరువాత డిసెంబరు 31 వరకును ఉంచెను. సరిగా ఆ నెలలలోనే గుంటూరు, ప్రకాశం చేలలో ప్రత్తి తీత మొదలగును. ఆ సాలునకు పొడుగు పింజ ప్రత్తికి క్వింటాలునకు 8,110 రూపాయల మద్దతుధర ప్రకటింపబడియుండెను. ఆ ధరకు కొనువారు తన పల్లెకు వచ్చినచో రైతునకు ధైర్యము. రానిచో, తేమ యెక్కువని వంక పెట్టి కొనువాడు చెప్పినదే ధర.

వాషింగ్టనులో నొకరు సంతకము చేయగా పర్చూరు చేనిలో ప్రత్తి ధర కదలుట ఎట్లో చూచితిరి గదా! ప్రపంచీకరణమను పెద్ద మాటకు ఇంతకంటె మంచి నిర్వచనము నాకు తెలియదు.

కావున నా జవాబు: ఇద్దరు బాలురును నిజమే చెప్పిరి. గోడ యున్నచో నేతగానికి భారము, గోడ తీసినచో రైతునకు భారము. తప్పు గోడ యుండుటలోను లేదు, లేకుండుటలోను లేదు. గోడ నీడలో విత్తినవాడు పంట చేతికి వచ్చువేళకు హఠాత్తుగా గోడ లేకపోవుటలో నున్నది. జూనులో విత్తనము కొనునప్పటి సుంకము తీతవరకు నిలుచునను నమ్మకము రైతునకు కావలెను. నూలు ధర కూలిని మ్రింగివేయదను నమ్మకము నేతగానికి కావలెను. ఇద్దరిలో నొకని మేలుకై రెండవవానిపై భారము మోపవలసివచ్చినచో, భారము మోయువానికి ముందుగా చెప్పి, ఖజానానుండి తగినంత తోడ్పడుట ధర్మము. ఒక పేదవాని జేబులోనుండి తీసి మరియొక పేదవానికి ఇచ్చుట ఉపకారమనిపించుకొనదు. ఇక అడుగదగిన మూడవ ప్రశ్న ఇది: ఈ సుంకము ఎంతకాలము నిలుచును? అది మారునని దానిని నమ్మినవారికి ముందుగా తెలియునా?

రేపు మీలో కొందరు ఉద్యోగులగుదురు, కొందరు వర్తకులగుదురు, అందరును వోటు వేయుదురు. సుంకమును గూర్చిన వార్త చదివినప్పుడు మంచిదో చెడ్డదో యని తొందరపడక, ఆ మూడు ప్రశ్నలు వేయుడు. ఎవరి జేబునుండి ఎవరికి? ఎవరు, ఎవరి కొరకు? ఎంతకాలము?

సెలవులకు మీకొక పని. మీ యింట బట్టలలో నొకదానిని తీసి, దాని ప్రత్తి యెచ్చటిదో, నూలు యెచ్చటిదో, ఎచ్చట నేసిరో తెలిసికొన ప్రయత్నించి, ఒక పుటలో వ్రాసి తెండు. అన్ని ప్రశ్నలకును జవాబులు దొరకవు. దొరకనిచోట దొరకలేదని వ్రాయుడు. ఆ ఇద్దరు బాలురు మాత్రము ఈ పనిని కలిసి చేయవలెనని నా కోరిక. ఒకడు చీరాల పోయి మగ్గము చూడవలెను, రెండవవాడు పర్చూరు పోయి ప్రత్తి తీయవలెను. పిదప వారి వాదము ముగియదు గాని, మెరుగుపడునని నా నమ్మకము.